ఇవాళ ఏ పండు తిన్నారు?

మధ్యాహ్నం. వ్యాయామశాలలో మిషన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. గోడ పక్కన, ముల్లు తిరిగే పాత తూకం దగ్గర ఇద్దరే నిలబడి ఉన్నారు: కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయనకు కసరత్తు చెప్పే కోచ్ అమ్మాయి.

"మళ్లీ ఎక్కండి బాబాయ్."

"ఎక్కి దిగానుగా అమ్మాయ్."

"మళ్లీ. ఊపిరి బిగపట్టకండి. బిగపడితే బరువేం తగ్గదు."

"తగ్గదని తెలుసు. అలవాటు. బస్సులో సీటు ఇరుకైనా బిగపడతా."

"జేబులో ఏముంది?"

"ఇంటి తాళంచెవి."

"ఇటివ్వండి."

"కళ్లజోడు కూడా తీసెయ్యనా?"

"తీస్తే ముల్లెలా చూస్తారు?"

"చూడకపోవడమే నయంలా ఉంది నీ మొహం చూస్తుంటే. ఎంతుంది?"

"పోయిన శనివారం కంటే ముప్పావుకిలో ఎక్కువ."

"ముప్పావే కదా."

"ముప్పావే కదా అంటారేంటి? మోకాళ్ల డాక్టరు పంపితే వచ్చారు మీరు నా దగ్గరికి. బరువు దిగాలని. దిగాలి బాబాయ్, దిగాలి. మీరు ఎక్కుతున్నారు."

"వచ్చే శనివారం చూద్దాంలే."

"వచ్చే శనివారం నేనుండకపోవచ్చు."

"అంటే?"

"ఏం లేదు. ముందు ఇది చెప్పండి. ఇవాళ ఏం తిన్నారు? ఏ పండు?"

"ఇవాళా... బత్తాయి."

"ఒకటా?"

"ఒకటిన్నర."

"మిగతా సగం?"

"మూతపెట్టి ఉంచా."

"ఎవరికి?"

"ఎవరికీ లేదు. ఊరికే. అలవాటు."

"రసం తీసుకున్నారా?"

"ఛ, రసమేంటి. నువ్వే వద్దన్నావుగా. తొక్క వలిచి, తొనలు విడదీసి, ఒక్కో తొన పొర నిలువుగా చీల్చి, గింజలు ఏరేసి... లోపల గుజ్జుంటుంది చూడు, ముత్యాల్లా విడివిడిగా. అది గిన్నెలో వేసుకుని చెంచాతో."

"ఉప్పు?"

"చిటికెడు. పైన కాదు, గిన్నె అడుగున. పైన వేస్తే ముందే నీరు వదిలేస్తుందని..."

"అని?"

"అని అంటారు."

"ఎవరు?"

"అనేవాళ్లు."

"గిన్నె అడుగున ఉప్పు. సరే. పొర మొత్తం తీసేశారా, కాస్త ఉంచారా?"

"అంత వివరం ఎందుకమ్మా నీకు?"

"పొరలో పీచుంటుంది. లెక్కలోకొస్తుంది. చెప్పండి."

"కాస్త ఉంచా."

"చెంచా పెద్దదా, చిన్నదా?"

"చెంచాలో కూడా పీచుంటుందా?"

"బాబాయ్!"

"చిన్నది. పెద్దదైతే తొందరగా అయిపోతుంది. ఇప్పుడు నువ్వు చెప్పు. వచ్చే శనివారం ఉండకపోవచ్చన్నావు."

"అన్నానా?"

"అన్నావు. నాకు అరిగింది మోకాళ్లే, చెవులు కాదు."

"ఓనరన్న నిన్న గట్టిగా పట్టుకున్నాడు. ‘ఈల’ దగ్గరున్న వాళ్లందరూ సన్నబడుతున్నారట. నా దగ్గరికొచ్చే మీరు మాత్రం లావవుతున్నారట."

"ఈలంటే... పొద్దున్నే ఈల ఊదుతూ జనాన్ని గొర్రెల్లా పరిగెత్తిస్తాడే, ఆ కోచా?"

"ఆయనే. ఆయన తన వాళ్లని పండు ముట్టనివ్వడు. నేనే తినమంటా. అందుకని తప్పు పండ్లదట. తినమన్నందుకు నాదట."

"నీదా?"

"‘పండ్లు మాన్పించు, లేదంటే నువ్వు మానెయ్’ అన్నాడు. ఇవాళ మీ ముల్లు చూసి అటో ఇటో తేల్చేస్తాట్ట. భోజనానికి వెళ్లాడు, వస్తాడు."

"మానెయ్ అంటే, ఉద్యోగమా?"

"మరి ఊపిరా?"

"అలా నవ్వుతూ చెబుతావేంటమ్మా?"

"ఏడుస్తూ చెబితే ముల్లు దిగుతుందా?"

"నువ్వు వెళ్లిపోతే... నేనెక్కడికి రావాలి?"

"ఈల దగ్గరికి. పొద్దున్నే రావాలి, వెళ్లేదాకా నోరు మూసుకుని ఉండాలి. మాట్లాడితే ఊపిరి ఖర్చవుతుందంటాడు."

"నేను రోజంతా మాట్లాడే మాటల్లో ముప్పాతిక ఇక్కడే అయిపోతాయి. మిగతా పావు బస్సు డ్రైవరుకి. అదీ ఆయన మంచివాడు కాబట్టి. మొన్న వానలో చూశావూ, నేను నీళ్లలో కాలు పెట్టకుండా బండిని ఇంకో రెండడుగులు ముందుకి పోనిచ్చి, గట్టు దగ్గర ఆపాడు. ఎవరూ అడగలేదు. తనంతట తనే."

"మీకు అన్నీ కనపడతాయి బాబాయ్."

"పనేముంది మరి? చూడ్డమేగా. నువ్వు కూడా రోజూ నేనొచ్చేసరికి ఆ ఫ్యాన్ మొహం ఇటు తిప్పి ఉంచుతావు. చెప్పవు. నాకు తెలుసు."

"మాట మార్చకండి."

"మార్చట్లేదు. ఒక పని చెయ్యి. మాన్పించేశానని చెప్పెయ్యి. నేను పక్కన నిలబడి తలూపుతా."

"ఎందుకు చెప్పాలి, పండ్ల తప్పు లేనప్పుడు?"

"నిజంగా లేదా? ఒక్క ముక్కలో చెప్పు. పండు తింటే లావెక్కుతారా, ఎక్కరా?"

"ఒక్క ముక్కలో తేలేదైతే ఓనరన్నతో ఇంత గొడవెందుకు? పండులో చక్కెర ఉంది. లేదని ఎవరన్నారు? దాంతోపాటు నీళ్లున్నాయి, పీచుంది, నమిలే పనుంది. రెండు యాపిళ్లు తిన్నాక మూడోది తినండి చూద్దాం, దవడలు పీకుతాయి. అదే రసం తీస్తే నాలుగు పళ్లు ఒక్క గ్లాసులో కూర్చుంటాయి, గటగటా దిగిపోతాయి. ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ అయితే నీరు పోయి చక్కెర మిగుల్తుంది, గుప్పెడే కదా అని నోట్లో వేసుకుంటూ పోతారు."

"అయితే ఎక్కుతారన్నమాట."

"అబ్బా! బిస్కెట్ల బదులు పండు తింటే ఎందుకెక్కుతారు? బిస్కెట్లు తిని, దానిమీద పండు తిని, దానిమీద మళ్లీ బిస్కెట్లు తింటే ఎక్కుతారు. అప్పుడు తప్పు ఎవరిది?"

"బిస్కెట్లది."

"అటేం వెతుకుతున్నారు బాబాయ్?"

"దాహం. ఆ సీసా ఇటివ్వు."

"నెమ్మదిగా తాగండి. పొలమారుతుంది."

"మరి నువ్వెందుకు తినవు పండ్లు?"

"నేనా?"

"ఇన్నాళ్లలో నీ డబ్బాలో ఒక్క ముక్క చూళ్లేదు నేను. ఉడికించిన గుడ్లు, చికెన్ ముక్కలు. ఆ తువ్వాళ్ల అలమర వెనక నిలబడి తినేస్తావు."

"అక్కడైతే ఎవరికీ కనపడనని."

"అద్దంలో కనపడతావు."

"కండల పోటీలకి వెళ్లేదాన్ని అప్పట్లో. పోటీలంటే పండు బంద్. మానేశా. అంతే."

"పోటీలు ఆగిపోయాయన్నావుగా. మళ్లీ మొదలెట్టొచ్చుగా? ఇంట్లో ఎవరైనా కోసిస్తే..."

"గదిలో ఉండేది నేనూ ఒక కుర్చీ బాబాయ్. కుర్చీకి చేతులున్నాయి గానీ కోయడం రాదు."

"అమ్మావాళ్లూ?"

"నా సంగతి వదిలేయండి. కాళ్లు చాపండి, మోకాలు చూద్దాం. ఇక్కడ నొప్పా?"

"లేదు."

"ఇక్కడ?"

"ఇక్కడా లేదు. అమ్మాయ్, ఊరికే అడుగుతా. నీ దగ్గరికొచ్చేవాళ్లు ఎవరైనా... తినేది ఒకటీ, నీకు చెప్పేది ఒకటీ అయితే?"

"అయితే?"

"అదే, అయితే ఏం చేస్తావని."

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే అన్నాగా."

"నేను చేసేదేం లేదు. ఓనరన్న కట్టుబాటు ఒకటుంది. ఇదివరకు ఒకాయన గుండె మందులు వాడుతూ కోచ్‌కి చెప్పలేదు. మిషన్ మీదే కుప్పకూలాడు. బతికాడనుకోండి. అప్పట్నుంచీ అంతే, కోచ్‌కి అబద్ధం చెప్పినట్టు తేలితే ఆ మనిషిని ఇక ఆ కోచ్ దగ్గర ఉంచడు. తిన్నగా ఈల దగ్గరికి పంపిస్తాడు. మళ్లీ మార్చడం లేదు."

"చిన్న అబద్ధమైనా?"

"ఆయన దగ్గర అబద్ధాలకి సైజుల్లేవు."

"ఓహో."

"ఎవరిగురించి అడుగుతున్నారు?"

"ఎవరూ లేరు. అదుగో, మీ ఓనరొస్తున్నాడు."

ఓనర్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒకప్పటి కండలు చొక్కాలో ఇంకా పూర్తిగా సర్దుకోలేదు.

"ఏమ్మా కోచ్, ముల్లేమంటోంది?"

"అన్నా, అది..."

"ఎక్కిందా, దిగిందా?"

"ఎక్కింది."

"ఎంత?"

"ముప్పావు."

"చెప్పానా? చెప్పానా లేదా? పెద్దాయనా, మీరు కూర్చోండి, మిమ్మల్నేం అనట్లేదు. చూడు కోచ్. చక్కెర చక్కెరే. చెట్టుకి కాసినా చక్కెరే, ఫ్యాక్టరీలో కాసినా చక్కెరే."

"అన్నా, పండు తిని లావెక్కినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు నాకు."

"ఎందుకు చూపించను? ఇదుగో, కుర్చీలో కూర్చున్నాడు!"

"బాబూ, కాసిన చెట్టుకే రాళ్లదెబ్బలంటారు. పాపం పండ్లనీ, ఈ పిల్లనీ..."

"సార్, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఈవిడతో నేను మాట్లాడుతున్నాగా. మీరు మంచివాళ్లు. అబద్ధమాడే మనిషి కాదు. రోజూ ఏం తిన్నారో ఈవిడకి చెబుతుంటే నేనూ వింటున్నా. ఒకరోజు బొప్పాయి, ఒకరోజు జామకాయ. మొన్న నాక్కూడా చెప్పారు, దానిమ్మని నీళ్లగిన్నెలో ముంచి ఒలిస్తే గింజ చిట్లదని. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పా. నిజంగానే చిట్లలేదు."

"సంతోషం బాబూ."

"సంతోషమే. కానీ ఏమైంది? పండు తప్ప ఇంకోటి ముట్టని మనిషి వారం వారం ఎక్కుతున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి కోచ్ నీకు?"

"ఈయన ఒక్కరిని చూసి..."

"ఒక్కరు చాలు. అన్నం ఉడికిందో లేదో ఎన్ని మెతుకులు పట్టి చూస్తాం? సోమవారం నుంచి ఈ హాల్లో పండు మాట వినపడకూడదు. ఒప్పుకుంటే ఉండు. లేదంటే లాకర్ తాళం టేబుల్ మీద పెట్టి వెళ్లు."

"ఒప్పుకోను అన్నా."

"ఒప్పుకోవూ?"

"తెలిసి తెలిసి తప్పు చెప్పలేను. పండు వద్దంటే జనం ఆకలేసి ఇంకో డబ్బా మూత తీస్తారు. అది నేను కళ్లారా చూశా."

"ఎక్కడ చూశావు?"

"పోటీల రోజుల్లో చూశాలే."

"నీకు పొగరు ఎక్కువైంది."

"పొగరు కాదన్నా."

"అయితే తాళం పెట్టు."

"ఇదుగో."

"ఆగమ్మా. బాబూ, నువ్వూ ఒక్క నిమిషం ఆగు."

"సార్, చెప్పానా మీకు..."

"నేను పండ్లు తినలేదు."

"ఏంటి?"

"బాబాయ్, ఊరుకోండి."

"ఒక్కటీ తినలేదు బాబూ. ఈ అమ్మాయికి రోజూ చెప్పినవేవీ నేను తినలేదు."

"బాబాయ్, నాకోసం మీరేం చెప్పక్కర్లేదు. ఊరుకోండి. అన్నా, ఈయన మాటలు పట్టించుకోకు. నేను వెళ్తున్నా."

"నువ్వు కదలకు కోచ్. ఏంటి సార్ ఇది? ఈవిడ ఉద్యోగం పోతోందని జాలేసి చెబుతున్నారా? పిల్లికి ఎలుక సాక్ష్యమా?"

"జాలి కాదు. నిజం."

"పండ్లు తినకపోతే మరి ఏం తింటారు?"

"బ్రెడ్డు."

"బ్రెడ్డూ?"

"జామ్ రాసుకుని. లేకపోతే చిక్కటి తియ్యటి పాలు డబ్బాల్లో అమ్ముతారు చూడు, ఆ పాలలో బిస్కెట్లు ముంచుకుని. వంటింటి కిటికీ దగ్గర నిలబడి. కూర్చుంటే రెండో కుర్చీ ఎదురుగా కనపడుతుందని నిలబడతా."

"పొద్దున్నా?"

"పొద్దున బ్రెడ్డు. మధ్యాహ్నం బిస్కెట్లు. చీకటిపడ్డాక ఏది మిగిలితే అది. డబ్బా అడుగుకి చెంచా తగిలిన చప్పుడైతే, ఈ పూట అయిపోయింది అనుకుంటా."

"మరి ఆ దానిమ్మ? నీళ్లగిన్నె?"

"అది మా ఆవిడ ఒలిచింది."

"మీ ఆవిడ పోయారన్నారుగా?"

"పోయింది. పోకముందు ఒలిచింది."

"అంటే... ఎప్పుడో తిన్నవి..."

"అప్పుడు తిన్నవి. ఇప్పుడు చెప్పా. బత్తాయి అంతే, బొప్పాయి అంతే. ఆవిడ ఏ పండైనా వెంటనే కత్తితో కోసేది కాదు బాబూ, ముందు దాంతో మాట్లాడేది. ‘నువ్వెలా తెగుతావే’ అని. నాకు అన్నీ గుర్తున్నాయి. ఉప్పు ఎక్కడ వేసేదో కూడా."

"సార్, నేను ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పానండీ!"

"చెప్పింది నిజమేగా. చిట్లలేదన్నావుగా."

"చిట్లలేదు."

"పద్ధతి నిజం. ఒలిచిన చెయ్యే లేదు. అందుకని పండ్ల మీద నేరం మోపకు బాబూ. వాటికేం తెలీదు. ఈ అమ్మాయికీ ఏం తెలీదు. తాళం ఆవిడకి తిరిగిచ్చెయ్యి."

"కోచ్, ఇదంతా నీకు తెలుసా?"

"అన్నా, నేను..."

"ఆవిడకెలా తెలుస్తుంది? నేను ఎంత అందంగా చెప్పానని! నువ్వే నమ్మావు."

"సరే. తాళం తీసుకో కోచ్."

"అన్నా..."

"తీసుకో. పండ్ల సంగతి తర్వాత మాట్లాడదాం. తప్పు నాదే అనుకో. పెద్దాయనా, మీకు మా కట్టుబాటు తెలుసా?"

"ఇందాకే తెలిసింది."

"తెలిసీ చెప్పారా?"

"తెలిసే."

"నాకిది బాధగానే ఉంది. కానీ మీకొకటీ ఇంకొకళ్లకొకటీ పెట్టలేను. ఒక మనిషి నా కళ్లముందు పడిపోయాడు. సోమవారం నుంచి పొద్దున్నే రండి. ఈల దగ్గరికి."

"వస్తా బాబూ."

"మధ్యాహ్నం పూట ఇక్కడికి రాకూడదు."

"రాను."

"ఆ డబ్బా పాలు మానెయ్యండి సార్."

"చూస్తా."

ఓనర్ ఎక్కువసేపు నిలబడలేదు. మెట్లమీద ఆయన అడుగుల చప్పుడు వినపడకుండా పోయాక ఆమె గుప్పిట తెరిచింది.

"ఇదుగోండి మీ తాళంచెవి."

"మర్చేపోయా."

"బూట్లు తొడుక్కోండి. వంగకండి, నేను పట్టుకుంటా."

"వద్దమ్మా. వంగగలను. నువ్వే నేర్పావుగా."

"ఎందుకు చెప్పారు బాబాయ్? నేను ఇంకోచోట చూసుకునేదాన్నిగా."

"చూసుకునేదానివి. తెలుసు. తాళం తీసి టేబుల్ మీద పెట్టావు చూడు, చప్పుడు రాకుండా, మెల్లిగా. అలా పెట్టేవాళ్లకి ఇంకోచోట అంత తొందరగా దొరకదు."

"ఆ పండ్ల మాటలు... అసలెందుకు మొదలెట్టారు?"

"నీ మీద కోపం వచ్చిందా?"

"అడుగుతున్నా."

"నేనొచ్చిన మొదటిరోజు నువ్వు ఈ తూకం దగ్గరే నిలబడి, ఇలా తలపైకెత్తి, ‘పొద్దున ఏం తిన్నారు?’ అన్నావు. ఇంట్లో ఆ మాట ఆగిపోయాక మళ్లీ విన్నది అప్పుడే. నీకది డ్యూటీ. నాకూ తెలుసు డ్యూటీ అని. కానీ చెవికి డ్యూటీ తేడా తెలీదమ్మా. అంత మంచి ప్రశ్నకి ‘బ్రెడ్డు’ అని జవాబు చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గేసింది. అందుకని యాపిల్ అన్నా."

"చెక్కు తీసి, దాల్చినచెక్క పొడి చల్లుకుని."

"గుర్తుందే నీకు!"

"చెప్పండి."

"అప్పుడు నువ్వు ‘ఎంత పొడి?’ అన్నావు. ‘పుల్లటి యాపిలా, తియ్యటిదా?’ అన్నావు. ఆ పూట మనం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇంటికెళ్లేటప్పుడు బస్సులో అనుకున్నా, రేపు ఏ పండు చెప్పాలా అని. మర్నాడు పొద్దున లేవడానికి ఒక పని దొరికింది నాకు. పండు వెతకాలి. బజార్లో కాదు, జ్ఞాపకంలో. తర్వాత్తర్వాత తప్పని తెలుస్తూనే ఉంది. దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నా. నా ముల్లు ఎక్కిన ప్రతి శనివారం నీ మొహం చూడలేకపోయేవాణ్ణి."

"నాకు తెలుసు బాబాయ్."

"ఏం తెలుసు?"

"మీరు తినట్లేదని."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరి? ఎప్పట్నుంచి?"

"బొప్పాయి దగ్గర్నుంచి."

"బొప్పాయి చాలా రోజులైందిగా! ఎలా తెలిసింది? బొప్పాయిలో నేనేం తప్పు చెప్పా?"

"తప్పేం చెప్పలేదు. నిమ్మకాయ పిండి, కాసేపు ఆగి తినాలన్నారు. అలాగే తిన్నా. బాగుంది."

"తిన్నావా? నువ్వా?"

"మొదట అనుమానమొచ్చింది. ఇంత పండుకి ఇంత బరువు రాదే, నేను చదివిందే తప్పేమో, ఓనరన్న చెప్పేదే నిజమేమో అని. అందుకని పరీక్ష చేసుకున్నా, నా మీదే. మీరు ఏ పండు చెబితే ఆ సాయంత్రం అది తెచ్చుకునేదాన్ని. మీరు చెప్పినంత. మీరు చెప్పినట్టే కోసుకుని. బయట తిండి ఏదీ కలవకుండా. బొప్పాయి చెప్పిన వారం, శనివారం మీరు తూకం ఎక్కారు చూడండి, నేనూ మీ తర్వాత ఎక్కా. నా ముల్లు ఉన్నచోటు నుంచి కదల్లేదు."

"అందుకా చెంచా చిన్నదా పెద్దదా అనడిగింది. పొరా, ఉప్పూ... అయ్యో తల్లీ. నేను పీచనుకున్నా."

"లేస్ కట్టుకోండి."

"ఉండు. పరీక్ష ఎప్పుడో తేలిపోయిందంటున్నావు. బొప్పాయికే తేలిందంటున్నావు."

"తేలింది."

"మరి ఇందాక ఓనరు నీ ఉద్యోగం తీసేస్తుంటే, ‘ఈయన పండ్లు తినట్లేదు, నేను తిని చూశా’ అని ఒక్క మాట అంటే అయిపోయేదిగా! నేను చెప్పబోతుంటే నన్ను కూడా ఆపావు. నాకు సిగ్గవుతుందనా?"

"అదొక్కటే కాదు."

"మరి? బొప్పాయి తర్వాత జామ, జామ తర్వాత ద్రాక్ష, ఇవాళ బత్తాయి. అబద్ధమని తెలిసీ రోజూ అడుగుతూనే ఉన్నావు. ఎందుకమ్మా?"

"అడగడం మానేస్తే, సాయంత్రం గదికి ఏ పండు తీసుకెళ్లాలో నాకింకెవరు చెబుతారు బాబాయ్?"